మా యింటి టెలిఫోను



అమలాపురమునకు మూడు క్రోసుల దూరమున, కాలువగట్టు నానుకొనియున్న మా మండువా లోగిలి సావిడిలో, నలువది యేండ్లకు పైగా కదలక కూర్చున్న యొక నల్లని వస్తువును గూర్చి నేడు మీతో ముచ్చటింపదలచితిని. అది మా టెలిఫోను. పండితులు దానికి దూరవాణి యని చక్కని పేరే పెట్టిరి గాని, మా కోనసీమలో నెవ్వరును దాని నట్లు పిలిచినట్లు నేనెఱుగను. అందఱికి నది ఫోను. జేబులో నొదుగు ఫోనులు వచ్చిన పిమ్మట దానికి ల్యాండు ఫోనను పేరు తగిలినది. తమ్ముడు పుట్టిన గాని అన్న పెద్దవాడు కాడు గదా!

గ్రాహం బెల్లుగారికి టెలిఫోనుపై హక్కుపత్రము 1876లో లభించినది. ఆరేండ్లు గడవకమున్నే, 1882 జనవరి 28వ తేదీన చెన్నపట్టణము, కలకత్తా, బొంబాయి నగరములలో ఎక్స్ఛేంజీలు తెఱవబడినవి. అచ్చటినుండి మా వీథికి వచ్చుటకు దానికి నూఱేండ్లు పట్టినది. మా నాన్నగారు దరఖాస్తు పెట్టి, దాని మాట మఱచియుండగా, 1983లో నొకనాడు లైనుమాను నిచ్చెన భుజమున వేసికొని వచ్చెను. బెంగుళూరు కర్మాగారమున తయారైన బరువైన యంత్రమది. మా అమ్మ దాని క్రింద నొక ముక్కాలిపీట వేసి, పైన తాను స్వయముగా నల్లిన లేసుగుడ్డ కప్పెను. గోడమేకునకు దారముతో నొక పుస్తకమును వ్రేలాడదీసెను. ఎవరి నెంబరు తెలిసినను అందు వ్రాయవలసినదే.

వీథి యంతటికి నదియొక్కటే ఫోనగుటచేత, అది మా యింటి సొత్తుగా నెన్నడును లేదు. ఎవరింట పెండ్లి యైనను శుభలేఖపై మా నెంబరు వేసి, ప్రక్కన పి.పి. అను రెండక్షరములు చేర్చుచుండిరి. పొరుగింటి ఫోను, పిలిచి యిత్తురు అని వాని తాత్పర్యము. ఆ పిలుచువాడను నేనే. నాకప్పటికి పండ్రెండేండ్లు. ట్రంకు కాలునకు మూడేసి నిమిషముల చొప్పున లెక్క. నేను పరుగెత్తి పోయి చెప్పుటలో నొక నిమిషము, వారు పొయ్యిమీది యెసరు దించి తడిచేతులతో పరుగెత్తి వచ్చుటలో నింకొక నిమిషము కరగిపోవుచుండెను. మిగిలిన నిమిషములో నెన్ని మాటలు పట్టునో నేటివారు ఊహింపజాలరు.

ఆ కాలమున రెండు గోదావరి జిల్లాలనుండియు బ్రతుకుతెరువునకై యెందఱో, ముఖ్యముగా స్త్రీలు, ఇంటిపనులకు కువాయిటు, మస్కటు, దుబాయి పోవుచుండిరి. మా యెదురింటి పిన్ని పెద్దకూతురును నట్లే కువాయిటు వెళ్లినది. నెలకొకమాఱు శుక్రవారమునాడు ఆమె ఫోను చేయును. ఆ సాయంకాలము పిన్ని తల దువ్వుకొని, ఉతికిన చీర కట్టుకొని మా సావిడిలో కూర్చుండెడిది. ఫోనులో చీర కనబడదని మేము నవ్వినను మానలేదు.

1990 ఆగస్టు 2వ తేదీన ఇరాకు సైన్యములు కువాయిటులో ప్రవేశించినవి. ఆ వార్తను మేము రేడియోలోనే వింటిమి. నాటినుండి ఫోను మూగవోయెను. మా అమ్మ ఇంటిలో నొక కట్టడి చేసినది: లైను ఎల్లవేళల ఖాళీగా నుండవలెను. నాన్నగారు ధాన్యపు బేరములు మాట్లాడుకొనుటకు పోస్టాఫీసునకు నడచిపోవలసినవారైరి. ఆయన మాఱుపలుకలేదు. మా నెంబరు వ్రాసికొని పోయిన బిడ్డల తల్లులు, పొరుగు వీథులవారితో కలసి, ఏడుగురు తేలిరి. వారు వంతులు వేసికొని మా యరుగుపై పండుకొనుచుండిరి. గంట మ్రోగినపుడు వారందఱు నొక్కసారిగా లేతురు. ఎవరో ఎరువుల బస్తాల సంగతి అడుగుచున్నారని తెలిసి మరల కూర్చుందురు. ఆ కూర్చుండుటను చూచుట బహుకష్టముగా నుండెడిది.

అక్కడి భారతీయులను బస్సులలో జోర్డాను దేశపు అమ్మాను నగరమునకు చేర్చి, అచ్చటినుండి విమానములలో బొంబాయికి తెచ్చుచున్నారని తెలిసినది. సుమారు రెండు నెలలలో లక్షమందికి పైగా నట్లు తిరిగివచ్చిరి. సెప్టెంబరు చివర నొక రాత్రి ఫోను మ్రోగెను. బొంబాయినుండి ట్రంకు, తీసికొందురా యని ఆపరేటరు ప్రశ్న. పిన్ని రిసీవరును తలక్రిందుగా పట్టుకొని, మాటాడు కొసను చెవి కానించుకొన్నది. నేను తిప్పి పెట్టితిని. ఇన్ని దినములు దాచుకొన్న మాటలన్నియు నెటు పోయినవో, ఆమె యడిగినది ఒక్కటే: "అన్నం తిన్నావా అమ్మా?"

ఆఱుగురికి ఫోనులు వచ్చినవి. ఒకామెకు రాలేదు. ఆమె కొడుకు దీపావళినాటికి తానే వచ్చి గుమ్మములో నిలిచెను. ఫోనునకు డబ్బులు లేకపోయెనట.

ఇక యీ యంత్రము పనిచేయు తీరును కొంచెము చెప్పవలెను. ఎట్లనగా, నేటికిని దాని యుపయోగమంతయు నందే యున్నది. రాగితీగ వెంట ఎక్స్ఛేంజినుండి నలువదియెనిమిది వోల్టుల విద్యుత్తు వచ్చుచుండును. అది అక్కడి బ్యాటరీలది. మన యింటి కరెంటుతో దానికి సంబంధము లేదు. ఊరంతయు చీకటైనను ఫోను పలుకుట కిదియే కారణము. రంధ్రములో వ్రేలు పెట్టి త్రిప్పి విడిచినపుడు, చక్రము వెనుకకు మరలుచు, ఒకటికి ఒకసారి, సున్నకు పదిసారులు ఆ ప్రవాహమును త్రెంచును. ఆ త్రెంపులను లెక్కించియే ఎక్స్ఛేంజి నెంబరు గ్రహించును. నోటి కెదురుగా బొగ్గుపొడి గల బిళ్ల యుండును. పొడి గడ్డకట్టిన మాట మందగించును. అప్పుడు రిసీవరును అఱచేత రెండు దెబ్బలు కొట్టిన చాలును. ఇంతకంటె సులభమైన మరమ్మతును నేనెఱుగను.

దీనిని నేను దేవతను చేయబూనలేదు. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి తుపాను మా కోనసీమ కొబ్బరితోటలను నేలమట్టము చేసినపుడు స్తంభములును కూలినవి. మా ఫోను చాలదినములు మూగగా పడియుండెను. ఈ కాలపు యంత్రస్వరములు "తెలుగు కోసం ఒకటి నొక్కండి" అన్నచో త్రిప్పు చక్రమున్న ఫోను తెల్లమొగము వేయవలసినదే. 2021 జనవరి 15నుండి ఇంటి ఫోనున మొబైలును పిలువవలెనన్న ముందు సున్న చేర్చవలసివచ్చెను. అంకెలన్నిటిలో త్రిప్పుటకు దీర్ఘమైనది సున్నయే. "ఎవరికి చేసినా ముందు సున్నా చుట్టాలట, ఇదెక్కడి శాస్త్రం రా!" అని మా అమ్మ విసుగుకొన్నది.

ఇక 2022 జూలై మాట. భద్రాచలమువద్ద గోదావరి డెబ్బదియొక్క అడుగులు దాటినది. ధవళేశ్వరమునుండి ఇరువదియైదు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రము వైపునకు దిగినది. లంకలు మునిగినవి. మా వైపున కరెంటు పోయినది. నేను రాజమహేంద్రవరమున నుండి అమ్మ మొబైలునకు చేసి చేసి విసిగితిని. రాత్రి తొమ్మిదింటికి ఆమెయే పాత ఫోనునుండి పిలిచినది. ఆమె కనులు మసకబారినవి. రంధ్రములను వ్రేలితో తడవి లెక్కించి త్రిప్పును. వెనుక నేవో కంఠములు వినబడుచుండెను. ఎవరని యడిగితిని. చార్జింగు లేక మొబైళ్లు చల్లబడగా, వీథివారందఱు మరల మా సావిడికి చేరిరట!

అయితే వచ్చినవారిలో చాలమందికి తమ బిడ్డల నెంబరులు నోటికి రావు. అవి చల్లబడిన మొబైళ్లలోనే చిక్కుకొని యున్నవి. పెద్ద చదువులు చదివినవారును బిక్కమొగము వేసిరి. మేకునకు వ్రేలాడు పుస్తకమును దింపి లాంతరు వెలుగున వెదకిరి. కొన్ని దొరకినవి, కొన్ని దొరకలేదు. ఎనుబది దాటిన పిన్ని మాత్రము తన కూతురి నెంబరును తడబడక యొప్పగించినది. ఆ కూతురిప్పుడు కాకినాడలో మనుమల నాడించుచున్నది. తల్లి యా రాత్రియు తిన్నావా యనియే యడిగినదో లేదో నేను విచారింపలేదు.

మఱుసటి యేడు మా వీథిలో రాగితీగలు తీసి గాజుతీగలు వేసిరి. మాట స్పష్టమే, కాని గోడకు తగిలించిన క్రొత్త పెట్టెకు మన యింటి కరెంటే కావలెను. లైనుమాను ఈ సంగతి దాచలేదు: "ఆయ్, కరెంటు పోతే ఇదీ పోద్దండి. చిన్న బ్యాటరీ ఒకటి పెట్టుకోండి." అట్లే పెట్టితిమి. ఆ పెట్టెకు చక్రపు త్రెంపుల భాష తెలియదు. కావున మా నల్లని ఫోను ఇప్పుడు మ్రోగును, మాటాడును, పిలువజాలదు. పిలుచుటకు మీటల ఫోనొకటి ప్రక్కన పెట్టి, నల్లదానిని తీసివేయుదు నంటిని. అమ్మ యొప్పుకొనలేదు.

ప్రతిరాత్రి ఎనిమిదింటికి నేను పిలుతును. పీట ప్రక్కనే కూర్చున్నదని నాకు తెలియును. అయినను మూడు గంటలు మ్రోగిన గాని యెత్తదు. ఒకనాడు కారణ మడిగితిని. "మోగనీ రా, వింటున్నాను" అన్నది.