ఆటలు కట్టు విద్య

(పాఠశాల వార్షికోత్సవమునాడు తల్లిదండ్రుల సభలో ప్రధానోపాధ్యాయులు చేసిన ప్రసంగము)

   

ప్రతి సంవత్సరము ఈ వేదికమీద పరీక్షాఫలితములు చదివి, మాతృభాషను విడువవద్దని మనవి చేసి కూర్చుండుట నాకు వాడుక. ఈమారు ఫలితములు సంచికలో వేఱుగా అచ్చగుచున్నవి. కావున నాకిచ్చిన సమయమును మీలో నొకరు నన్నడిగిన ప్రశ్నకు సమాధానము చెప్పుటకు వినియోగించెదను.

గత వేసవిలో ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని నా గదికి వచ్చిరి. "మాస్టారూ, మావాడు వీడియో గేములు చదువుతానంటున్నాడు. ఆడడం కాదట, తయారుచేయడమట. వాళ్ల మేనమామ టెక్సాసులో ఉన్నాడు. అక్కడ కమ్యూనిటీ కాలేజీలో ఇది నేర్పుతారట. ఆటలు కూడా చదువేనాండీ? మీరైనా వాడికి బుద్ధి చెప్పండి" అనిరి. పిల్లవాడు తలవంచుకొని నిలిచియుండెను. నేను బుద్ధి చెప్పుటకు నోరు తెఱచితిని గాని మాట రాలేదు. ఏల రాలేదో ముందు మీకు చెప్పవలెను.

ఇరువది యేండ్ల క్రిందట నేను ఏడవ తరగతికి లెక్కలు చెప్పుచుండగా ఒక బాలుడు వెనుక బల్లమీద ఏదో గీయుచుండెను. పోయి చూచితిని. అది వైకుంఠపాళివంటి పటము. క్రింది గడిలో కోరాపుట్, పై గడిలో రాయగడ. నడుమ దామంజోడి, లక్ష్మీపూర్, టికిరి స్టేషనులు. సొరంగము వచ్చినచోట నిచ్చెన, కొండరాయి జారిపడుచోట పాము. నేను ఆ నోటుపుస్తకమును తరగతియెదుట చింపివేసితిని. మరుసటి సంవత్సరము వాడు బడి మానెను. నేను పుస్తకము చింపుటచేతనే మానెనని చెప్పను. ఇంట ఇబ్బందులు కలవు. కాని వాడు చేసినది లెక్కయే యని ఆనాడు నాకు తోచలేదు. ఇన్ని గడులలో ఎన్ని పాములు, ఎన్ని నిచ్చెనలు ఉన్నచో ఆట విసుగు పుట్టింపక సాగునో వాడు లెక్కించుకొనుచుండెను.

అందుచేత ఆ తండ్రితో, "నాకు కొన్ని దినములు గడువిండు; తెలిసికొని చెప్పెదను" అంటిని. నేను ఇంటర్మీడియెటువఱకు చదివి, శిక్షణ పొంది, బడిలో చేరినవాడను. కంప్యూటరు విద్య నాకు పరాయిది. అయినను తెలిసినవారి నడిగి, దొరకిన పుస్తకములు చదివి గ్రహించిన సంగతులను మీ యెదుట నుంచుచున్నాను.

మొదటి ప్రశ్న: ఆటలు కూడా చదువేనా? మన యిండ్ల అరుగులమీద చెక్కియున్న పులిజూదమును తలంచుకొనుడు. మూడు పులులు, పదునైదు మేకలు. పులికి బలము, మేకకు సంఖ్య. పులి మేకను దాటి చంపును. మేకలు కూడి పులిని కదలనీయక కట్టివేయును. పులులను నాలుగు చేసినచో మేకలకు దిక్కులేదు. మేకలను మఱి పెంచినచో పులులకు చోటు లేదు. ఆ మూడును, ఆ పదునైదును ఎవరో ఎన్నియో మారులు ఆడి, ఓడి, సరిచూచి కుదిర్చిన సంఖ్యలు. నేడు కళాశాలలలో ఆట రూపకల్పన యనుపేర నేర్పునది మొట్టమొదట ఇదియే: నియమములను ఏర్పఱచుట, ఉభయపక్షములకు తూకము కుదుర్చుట, పరులచేత ఆడించి లోపములు దిద్దుట.

అష్టాచమ్మాను చూడుడు. నాలుగు గవ్వలు వేయుదుము. గవ్వ రెండువైపులును సమముగా పడునని యనుకొన్నచో, పదునాఱు విధములలో రెండు పడుటకు ఆఱు విధములు కలవు. చమ్మాకు ఒకటి, అష్టాకు ఒకటి. అరుదుగా పడుదానికి ఎక్కువ విలువ నిచ్చిరి. ఇది సంభావ్యతా గణితము. మన అమ్మమ్మలు దాని పేరెఱుగకయే దానితో ఆడిరి.

ఇక యంత్రములోని ఆట సంగతి. తెరమీది బొమ్మ కదలునట్లు కనబడుటకు కంప్యూటరు సాధారణముగా సెకనుకు 60 మారులు చిత్రమును క్రొత్తగా గీయవలెను. ప్రతిమారును బంతి ఎంత దూరము పోయెను, భూమ్యాకర్షణచేత ఎంత దిగెను, గోడకు తగిలెనా లేదా అని లెక్కింపవలెను. రెండు బంతులు తాకినవో లేవో తెలిసికొనుట ఎట్లు? వాని కేంద్రముల నడిమి దూరము వాని వ్యాసార్ధముల మొత్తముకంటె ఎక్కువ కాకున్నచో తాకినట్లు. ఆ దూరమును కనుగొను సూత్రము మన పదవ తరగతి లెక్కల పుస్తకములో నున్నది. "ఈ లెక్క యెందుకు పనికివచ్చును మాస్టారూ?" అని పిల్లలు నన్ను ముప్పది యేండ్లుగా అడుగుచున్నారు. నా కొక సమాధానము ఇప్పుడు దొరకెను.

ఈ విద్యకు చరిత్రయు కలదు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో విలియం హిగిన్‌బోథమ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు సందర్శకుల వినోదమునకై చిన్న గాజుతెరమీద టెన్నిసు ఆటను చూపెను. 1962లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాసంస్థలో విద్యార్థులు, వారి మిత్రులు కలిసి అంతరిక్షయుద్ధపు ఆటను కట్టిరి. 1972లో పాంగ్ అను ఆట అంగడికెక్కెను. మన హైదరాబాదులోను పేరుగల విదేశీ ఆటల సంస్థలు కార్యశాలలు నడుపుచున్నవి. అచటనే 2001లో రాజీవ్ చిలక స్థాపించిన గ్రీన్ గోల్డ్ సంస్థనుండి మన పిల్లలందఱు ఎఱిగిన ఛోటా భీమ్ బొమ్మల కథ 2008లో వెలువడెను. అది ఆట కాదు, బొమ్మలాట. అయినను బొమ్మను కదలించు విద్య రెంటికిని ఒక్కటియే.

రెండవ ప్రశ్న: కమ్యూనిటీ కాలేజీ యనగా నేమి? "పెద్ద కాలేజీలో సీటు రానివారు చేరేదా?" అని ఆ తండ్రి సందేహించిరి. అట్లు కాదు. అమెరికాలో ఈ పద్ధతి 1901లో ఇల్లినాయిసు రాష్ట్రమునందలి జోలియెట్ పట్టణమున ఆరంభమయ్యెను. ఊరివారి పిల్లలు ఇంటియొద్దనుండియే తక్కువ రుసుముతో రెండేండ్లు చదివి, కోరినచో విశ్వవిద్యాలయములో మూడవ యేట చేరవచ్చును. లేదా నేర్చిన పనితో ఉద్యోగమునకు పోవచ్చును. టెక్సాసులోని ఆస్టిన్ కమ్యూనిటీ కళాశాలవంటి చోట్ల ఆటల రూపకల్పన, వాని చిత్రకళ, వాని ప్రోగ్రామింగు నేర్పుదురు. అచట స్థిరపడిన తెలుగువారి పిల్లలకు అది దగ్గరి దారి.

మన పిల్లలకు మాత్రము అది అంత దగ్గర కాదు. ఇటనుండి పోవు విద్యార్థి స్థానికులకంటె హెచ్చు రుసుము చెల్లింపవలెను. మొదటి సంవత్సరము కళాశాల వెలుపల పనిచేయుటకు అనుమతి లేదు. మఱియొక చిక్కు కలదు. పనికై ఉద్దేశించిన రెండేండ్ల పట్టములోని పాఠములన్నిటిని విశ్వవిద్యాలయము తన లెక్కలో చేర్చుకొనునని నమ్మకము లేదు. కావున మేనమామ ప్రేమతో పిలిచినను, పొలము తాకట్టు పెట్టి పంపుటకు ముందు ఆ సంగతిని కాగితముమీద వ్రాయించుకొనవలెను.

మన దేశమునను ఈ పద్ధతి లేకపోలేదు. 1995లో పుదుచ్చేరిలో కమ్యూనిటీ కళాశాల వెలసెను. 2020నాటి జాతీయ విద్యావిధానము ప్రకారము డిగ్రీ చదువును ఒక యేటికి ముగించినవారికి సర్టిఫికేటు, రెండేండ్లకు డిప్లొమా, మూడేండ్లకు డిగ్రీ లభించునట్లు ఏర్పాటు చేసిరి. చదివినంత భాగము ఖాతాలో నిలిచియుండును. మరల వచ్చి కొనసాగింపవచ్చును. కూలినాలి చేసికొని పిల్లలను చదివించు మనబోంట్లకు దీని విలువ తెలియును. రాయగడలో ప్రభుత్వ పాలిటెక్నికు కలదు. గుణుపురములో ఇంజనీరింగు విద్య కలదు. ఇటువంటిచోట కంప్యూటరు విద్యకు పునాది వేసికొని, పిమ్మట ఆటల విద్యకు పోవుట ఒక మార్గము. బెంగళూరులోని జాతీయ రూపకల్పన సంస్థయందు డిగ్రీ ముగించినవారికి ఈ శాస్త్రములోనే ఉన్నతవిద్య నేర్పుదురు.

ఇక మీ మనస్సులలోని భయమును దాటవేయరాదు. సెల్‌ఫోను ఆటలవలన చదువు చెడిన పిల్లలను, పేకాటవంటి ఆటలలో డబ్బు పోగొట్టుకొన్న పెద్దలను మన ఊళ్లలోనే చూచితిమి. అది కల్ల కాదు. ఆడకుండ ఉండలేని స్థితిని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో వ్యాధుల పట్టికలో చేర్చెను. ఆ పట్టిక 2022 జనవరి 1నుండి అమలునకు వచ్చెను. డబ్బు పందెముతో ఆడించు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు మన పార్లమెంటు 2025 ఆగస్టులో చట్టము చేసెను. అదే చట్టము పందెము లేని ఆటలను ప్రోత్సహింపవలెనని చెప్పుచున్నది. చూచితిరా! జూదము వేఱు, ఆట వేఱు అని చట్టమే గీత గీసినది. మనమును ఆ గీతను గుర్తింపవలెను. వంటచేయుటకును తిండిపోతు తనమునకును ఎంత దూరమో, ఆట కట్టుటకును ఆటలో మునిగిపోవుటకును అంత దూరము.

ఉద్యోగముల మాట కూడ దాచను. 2023, 2024 సంవత్సరములలో ప్రపంచమంతట ఆటల సంస్థలు వేలకొలది ఉద్యోగులను తొలగించినవి. ఈ వృత్తిలో ఎండయు కలదు, వానయు కలదు. అందుచేతనే గణితమును, ప్రోగ్రామింగును గట్టిగా నేర్వవలెనని చెప్పుచున్నాను. ఆటల పని లేని దినమున ఆ రెండును వేఱొకచోట అన్నము పెట్టును. పట్టణములలో పెద్ద బోర్డులు కట్టి, ఆఱు నెలలలో ఉద్యోగమని చెప్పి లక్షలు వసూలుచేయు శిక్షణాలయములను చూచి మోసపోకుడు. మూడు ప్రశ్నలడుగుడు: పట్టము నిచ్చు విశ్వవిద్యాలయ మేది? ఇచట చదివినది మఱియొకచోట లెక్కకు వచ్చునా? మీ విద్యార్థులు పూర్తిచేసిన ఆట ఒక్కటి చూపగలరా? మూడవ ప్రశ్నకు తడబడినచో లేచి రండు.

మఱి మన భాషమాట? "తెలుగు బడిలో చదివి ఈ విద్యకు నిలువగలడా?" అని ఆ తండ్రి మెల్లగా నడిగిరి. ఆంగ్లమును నేర్వక తప్పదు. ఎనిమిదవ తరగతినుండియే శ్రద్ధ పెట్టవలెను. కాని మన పిల్లవాడు ఇంట తెలుగు, వీధిలో ఒడియా, సంతలో దేశియా మాటలాడును. ఇన్ని భాషల మనుష్యులకు కథ చెప్పగలవాడు ఆటల నిర్మాణములో లోటు కాదు, లాభము. 1936లో ఒరిస్సా వేఱు రాష్ట్రమైనప్పుడు మన తాతలు పటముమీది గీతకు ఈవల నిలిచిపోయిరి. అయినను జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు తెలుగునను ఒడియానను రచనలు చేసిరి. విశాఖపట్టణములోని ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ఏటేట లక్ష రూపాయలు విరాళ మిచ్చిరి. అచటి శాస్త్ర కళాశాల వారి పేరనే వెలసెను. రెండు భాషలు, క్రొత్త శాస్త్రము: ఈ రెంటికిని పొత్తు కుదురునని మన గడ్డమీదనే ఒకరు చూపిరి.

మన చుట్టునున్న సంపదను కూడ చూడుడు. గుణుపురము కొండలలోని సవరల గోడచిత్రములు, నియమగిరి డొంగ్రియా కోందుల కుట్టుపని శాలువలు, ధెంసా నృత్యపు అడుగులు మన పిల్లల కన్నుల యెదుట నున్నవి. అవి ఆ ప్రజల సొత్తు. వారినడిగి, వారికి పేరును పాలును ఇచ్చి వాడుకొనవలెనే గాని ఎత్తుకొనిపోరాదు. ఇది కూడ ఆట కట్టువానికి పాఠమే.

ఇక ఆ తండ్రికి నా సమాధానము. అయ్యా! మీరు ఈ సభలోనే యున్నారు, పేరు చెప్పను. పిల్లవానిని ఆపకుడు, అప్పుచేసి పంపను వలదు. వాడు మొదట ఇంటర్మీడియెటు గణితముతో ముగింపవలెను. ఈలోపల వెల యడుగని పనిముట్లు కలవు. బొమ్మలకు బ్లెండర్, ఆటకు గోడో అనునవి ఎవరైనను ఉచితముగా తెచ్చుకొనవచ్చును. సెలవులలో వాడొక చిన్న ఆటను మొదటినుండి తుదివఱకు కట్టవలెను. తుదివఱకు, అని మరల చెప్పుచున్నాను. ఆరంభించువారు పెక్కురు, ముగించువారు కొందఱు. వాడు ముగించిననాడు మీరు కూర్చుండి ఆ ఆటను ఆడవలెను. ఆడిన పిమ్మట నిశ్చయింపుడు.

తక్కినవారికొక మనవి. వచ్చే నెలనుండి ప్రతి శనివారము మధ్యాహ్నము మన బడిలో ఒక గంట ఆటలు కట్టు తరగతి నడపదలచితిని. కంప్యూటర్లు చాలవు, కాగితము, గవ్వలు, చింతపిక్కలు చాలును. మీ యిండ్లలో పాత వైకుంఠపాళి పటముగాని, వామనగుంటల పీటగాని ఉన్నచో పంపుడు. ఆడు పద్ధతిని అవ్వలనడిగి పిల్లలచేత వ్రాయించి పంపుడు. ఆ తరగతిలో ఎవరి నోటుపుస్తకమును నేను చింపను.