గర్భమునకు ముందే జీవసత్త్వములు

విద్యాభివృద్ధి, వరశుల్కము, నూలుధర యను విషయములు మహాసభలలో ప్రతివత్సరమును చర్చకు వచ్చుచున్నవి. వానిని గూర్చి మాటలాడుటకు మాకంటె సమర్థులు వేదికపై నున్నారు. మేము నేడు మందుల అంగటిలో వరుసగా నిలిపిన రంగుసీసాలను గూర్చియు, మన కోడండ్రును కూతుండ్రును గర్భము ధరింపక పూర్వమే తీసికొనవలసిన యొక చిన్న బిళ్ళను గూర్చియు మనవి చేయదలచితిమి. పురుషులు లేచిపోకుందురు గాక! ఆ సీసాలకు సొమ్ము చెల్లించువారు మీరే.

మేమెరిగిన యొక మగ్గపుటింట, పెండ్లియైన రెండవయేట కోడలికి నెల తప్పినది. మూడవ మాసము నిండువరకు ఎవరికిని చెప్పరాదని అత్తగారి యాచారము. కావున వైద్యునకును చెప్పలేదు. అటుపిమ్మట కొన్న టానిక్కులకు లెక్కలేదు. శిశువు వెన్నెముక మూతపడకయే జన్మించినది. ఆ తల్లి చేసిన దోష మేమియు లేదు. ఎంత జాగ్రత్తపడినను ఇట్టివి కొన్ని జరుగుచునే యుండును. కాని పెక్కింటిని తప్పింపవచ్చునన్న మాట ఆ యింటివారికి సకాలమున చెప్పినవారు లేకపోయిరి.

కారణ మిది. గర్భము నిలిచిన 28 దినములలోపల శిశువు మెదడునకును వెన్నుపామునకును మూలమగు నాళము మూసికొనును. అప్పటికి పెక్కుమంది స్త్రీలకు నెలతప్పిన సంగతియే నిశ్చయముగా తెలియదు. మూడవ మాసమున మొదలిడిన ఫోలిక్ ఆమ్లము, ఈ యొక్క పనికి సంబంధించినంతవరకు, ముహూర్తము దాటిన పిదప వచ్చిన పురోహితుని వంటిది. కావున సంతానము కోరు స్త్రీ గర్భధారణకు కనీసము ఒక మాసము ముందునుండి పండ్రెండవ వారము ముగియువరకు దినమునకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లము తీసికొనవలెను. ఇదివరకే యిట్టి శిశువును కన్నవారికి మోతాదు వేరు. 1991లో ఇంగ్లండు వైద్యపరిశోధన మండలి ప్రకటించిన పరీక్షలో, అట్టి తల్లులకు దినమునకు 4 మిల్లీగ్రాము లిచ్చుటచే ఆ దోషము మరల కలుగుట నూటికి 72 పాళ్ళు తగ్గినది. వారును, మూర్ఛరోగమునకు మందు తినువారును, మధుమేహము గలవారును వైద్యుని యడిగియే మోతాదు నిర్ణయించుకొనవలెను. మన అంగళ్ళలో సాధారణముగా దొరకునది 5 మిల్లీగ్రాముల బిళ్ళ. అనగా 5000 మైక్రోగ్రాములు. పైన చెప్పిన సామాన్యపు మోతాదునకు పండ్రెండు రెట్ల కధికము. "ఫోలిక్ బిళ్ళ యిమ్ము" అని యూరకొనక, ఎంతదో చదివి తీసికొనుడు.

ఈ ఫోలిక్ ఆమ్లపు కథలో నేతపనివారికి కొంత పాలున్నది. 1928లో లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చి, బట్టల మిల్లులలో పనిచేయు పేద స్త్రీలకు గర్భిణీదశలో కలుగు ఘోరమైన రక్తహీనతను పరిశోధించెను. ఈస్టు సారమున నేదియో యొక సత్త్వము దానిని కుదుర్చుచున్నదని 1931లో ప్రకటించెను. ఆ సత్త్వమునకు 1941లో, పాలకూరనుండి తీసినందున, ఆకు అను నర్థముగల లాటిను పదముతో పేరిడిరి. 1945లో దానిని కృత్రిమముగా తయారు చేసినది అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయము. అందు పరిశోధనలకు అధిపతి మన భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. తెలుగువాని నాయకత్వమున సిద్ధమైన మందు తెలుగు కోడలికి వేళకు చేరకుండుట మాకు వింతగా తోచుచున్నది.

ఇక రక్తహీనత. 2019–21 జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశమున 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో నూటికి 58 మందికి పైగా రక్తహీనులు. జొన్నరొట్టె బలమైన ఆహారమే. మేము దానిని నిందింపము. అయినను జొన్నలోని యినుమును శరీరమునకు పూర్తిగా అందనీయని పదార్థములు ఆ గింజలోనే యున్నవి. భోజనమైన వెంటనే త్రాగు తేనీరు మరింత అడ్డు. రొట్టెతో ఆకుకూరపప్పు తిని, పైన నిమ్మకాయ పిండుకొన్నచో కొంత మేలు. గర్భిణులకు ప్రభుత్వమువారు నాలుగవ మాసమునుండి 60 మిల్లీగ్రాముల యినుమును 500 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లమును గల యెర్రబిళ్ళను దినమున కొకటి చొప్పున 180 దినములు, ప్రసవానంతరము మరల 180 దినములు ఉచితముగా నిచ్చుచున్నారు. సుగ్గికని గుంటూరు మిరపచేలకు పోవు కుటుంబములవారు ఈ బిళ్ళలను మూటలో పెట్టుకొనిపోవుట మరువరాదు. సున్నపుసత్త్వపు బిళ్ళ, అనగా కాల్షియము, దీనితో కలిపి మ్రింగరాదు; ఒకటి రెండవదానిని ఇముడనీయదు. కొన్ని గంటల యెడముండవలెను. రాగిసంకటి తినువారి కొక మాట: నూరుగ్రాముల రాగులలో మూడువందల మిల్లీగ్రాములకు పైగా కాల్షియ మున్నది.

గుంతమగ్గములో దిగిన మనిషికిని, నీడపట్టున కండెలు చుట్టు ఇల్లాలికిని ఎండ తగులదు. కావున 'డి' జీవసత్త్వము తక్కువగుట మన వృత్తిలో నున్న చిక్కు. అందులకై అంగటివా డిచ్చు 60,000 యూనిట్ల పొట్లమును వైద్యుడు చెప్పిన వారములకు మించి నెలల తరబడి తినుట ప్రమాదము; రక్తమున కాల్షియము హెచ్చి మూత్రపిండములు చెడును. మాంసము ముట్టని యిండ్లలో పాలు పెరుగు తక్కువైనచో 'బి 12' లోపించును. అచ్చట ఫోలిక్ ఆమ్లమొక్కటే యిచ్చినచో రక్తము బాగుపడినట్లే కానవచ్చి, నరములు లోలోపల చెడవచ్చును. పరీక్ష చేయించుటయే మార్గము.

అన్నిటికంటె భయపడవలసినది 'ఎ' జీవసత్త్వము. రెటినాల్ రూపమున దినమునకు 10,000 యూనిట్లకు మించినచో గర్భస్థ శిశువునకు అంగవైకల్యము కలుగవచ్చును. బలమునకని రెండు మూడు విధముల సీసాలు కలిపి త్రాగువారు ఈ లెక్క చూచుకొనరు. నీలకంఠేశ్వరుని జాతరలో డజను గాజులకు అరగంట బేరమాడు మనము, సీసాపై అక్షరములు చదువకయే వందల రూపాయలు చెల్లించుచున్నాము! సరిగా భుజించు ఆరోగ్యవంతునకు ఆ సీసాలలో నూటికి తొంబది అనవసరమని మా యభిప్రాయము.

1938లో మాచాని సోమప్పగారు యెమ్మిగనూరున చేనేత సహకారసంఘమును స్థాపించునాడు, నూలు అందరి కొరకు కలిసి కొనుట లాభమని నేతగాండ్రకు బోధపరుపవలసివచ్చెను. నేడు సంఘపోషకులను మేము వేడునది అంతకంటె చిన్నపని. నిశ్చయతాంబూలములనాడే వధువునకు రక్తపరీక్ష చేయించి, పెండ్లిసారెలో మూడు మాసములకు సరిపడు 400 మైక్రోగ్రాముల బిళ్ళల నుంచుడు. పేదయింటి పిల్లలకు ఆ వ్యయమును సంఘనిధి భరించుగాక. ఒక పట్టుచీర అంచు వెలకు ఎందరో వధువులకు సరిపోవును.

నిన్నటి రాత్రి విడిదియింట నొక పెద్దమ్మ మమ్ముల నడిగినది: "నాయనా, ఆ యెర్రబిళ్ళ మ్రింగితే బిడ్డ నల్లగా పుడుతుందంట గదా?" పుట్టదమ్మా. మలము మాత్రము నల్లబడును. అది బిళ్ళలోని యినుము రంగు. కడుపులో త్రిప్పినచో రాత్రి అన్నము తిన్న పిదప మ్రింగమనుము, మానవద్దని చెప్పుము అంటిమి. ఆమె తన మనుమరాలిని పిలిచి, ఆ మాట మరల మాచేత చెప్పించినది.