రాతికూసములు నిలువుగా పాతుట
(పోషకుల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



మన పాఠశాల ఆటస్థలమునకు కంచె వేయుటకై మీరందరును శ్రమదానము చేయ నంగీకరించుట మాకు మిక్కిలి సంతోషము. బెంగళూరు నుండి చిత్తూరు పోవు రహదారి నంగలి మీదుగనే పోవుచున్నది. బంతి వెంట పరుగెత్తు బాలునకు లారీ కానరాదు. కావున కంచె వలయునా యను చర్చ అనవసరము. అయితే రాతికూసము ఒక్కడు మోయలేని బరువు. అది ఒరిగి పిల్లవానిపై పడినచో కంచెయే ప్రమాదమగును.

మొదట మూలకూసములను నిలిపి, వాని నడుమ దారము లాగవలెను. తక్కిన కూసములు దారమునకు వ్రేలెడు ఎడముగా నుండవలెను. ఒక్కటి దారమును నెట్టినను వరుస యంతయు వంకరపోవును. ఏడడుగుల కూసమునకు గుంట రెండడుగులకు తగ్గరాదు. మన యెఱ్ఱమన్ను ఎండిన గడ్డపారకు లొంగదు. ముందునాటి రాత్రియే నీరు పోయుడు.

ఇక నిలువు సంగతి. కూసము ఉలితో చీల్చిన రాయి గనుక దాని ముఖము మిట్టపల్లములుగా నుండును. తాపీవారి తూకపు గుండును దాని కానించి చూచిన మోసపోవుదుము. పదియడుగుల దూరమున నిలిచి, గుండు కట్టిన దారమును చేత వ్రేలాడదీసి, ఒక కన్ను మూసి, దారము కూసము నడుమ పాదము నుండి తలవరకు సరిపడునో లేదో చూడవలెను. పిమ్మట వరుస వెంబడి నిలిచి మరల చూడవలెను. ఒక దిక్కున నిటారుగా కనబడినది రెండవ దిక్కున ఒరిగియుండుట తరచు. పల్లపు నేలలోను కూసము గుండు దారమునకే సరిపడవలెను గాని నేల వాలునకు గాదు.

గాలికి గుండు ఊగినచో బకెట్టు నీటిలో ముంచుడు. లోతైన గనులలో కొలతగాండ్రు తంతికి వ్రేలాడదీసిన బరువును నిలుపుటకు చేయునదియు నిదియే. 2001లో మూతపడిన మన కోలారు గనులు మూడు కిలోమీటర్లకు మించి దిగినవి. మనకు రెండడుగులే గదా! కన్నడ సోదరులు కల్లుకంబ మన్నను, మనము రాతికూస మన్నను, గుండు మాత్రము ఇరువురకును గుండే.

మన్ను ఒక్కసారిగా పోయరాదు. అరయడుగు పోసి, చిన్నరాళ్లు చెక్కి, దిమ్మిసకొట్టి, మరల గుండుతో చూడవలెను. ముండ్లతీగ బిగువు మూలకూసములను లోపలికి లాగును గనుక వానికి ఏటవాలుగా ఊతరాళ్లు తప్పవు. ఒక మంచి వాన కురిసి మన్ను దిగిన పిదపనే తీగ లాగుదము. దారము, గుండు మేము తెత్తుము. గడ్డపారలు, బకెట్లు మీరు తెండు.