మొరాయించిన మోటారుసైకిలు



వ్యాకరణము చెప్పుకొని జీవనము గడపిన పంతులు మోటారుసైకిలును గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుకొనుడు, ఈ కథలో పరిహాసమునకు పాత్రుడను నేనే. కాని మీ యిండ్ల పాకలలోను పాతబండ్లు, పాత ఆయిలింజన్లు మూలబడి యుండునని నేనెరుగుదును. ఇంజను విప్పించి, క్రొత్త సామాను వేయించి, మరల బిగింపించిన పిమ్మట అది పలుకక మొరాయించినచో ఏమేమి చూడవలెనో, ఏ వరుసను చూడవలెనో, తగిలిన దెబ్బవలన నేర్చినంత మనవి చేసెదను.

బండి మా నాయనగారిది. 1971లో కొనిన 350 బుల్లెట్టు. ఈ జాతికి పుట్టినిల్లు ఇంగ్లండునందలి రెడ్డిచ్ పట్టణము. 1955లో మద్రాసునందు ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి వీనిని మన దేశమున కూర్పసాగెను. రెడ్డిచ్ కర్మాగారము 1967లో మూతపడినది; మద్రాసులోని తయారీ మాత్రము ఆగలేదు. పుట్టినింట దీపము కొండెక్కినను మెట్టినింట వంశము నిలిచెనన్నమాట.

ఇంజనునకు సిలిండరు ఒక్కటే. దాని లోపలి అడ్డుకొలత 70 మిల్లీమీటర్లు. పిస్టను పైకి క్రిందికి నడచు దూరము 90 మిల్లీమీటర్లు. వెడల్పు తక్కువ, నడక యెక్కువ. నాయనగారు పొలమునుండి వచ్చుచుండగా కాలువగట్టు మలుపుకడనే దాని నింపాదియైన చప్పుడు వినబడెడిది. అది విని మా యమ్మ పొయ్యిమీద ఎసరు పెట్టెడిది.

1998లో ఆయన కాలధర్మము నొందిరి. బండి పశువుల కొట్టము చేరెను. ఇరువదియైదేండ్లు ఎవ్వరును దాని జోలికి పోలేదు. నేను ఉద్యోగము విరమించి ఇంట కూర్చున్న పిమ్మట, 2023లో ఒకనాడు మా యమ్మ నన్ను పిలిచి, "ఆ బండి చప్పుడు ఒక్కసారి వినిపించరా" అనెను. అప్పటికామెకు 86 ఏండ్లు. చూపు మందగించినది, చెవులు మాత్రము నా చెవులకంటె చురుకైనవి.

తెనాలిలో నా పూర్వశిష్యుడొకడు మెకానిక్కు షాపు పెట్టుకొని యున్నాడు. నా పరీక్షలో రెండుమార్లు తప్పినవాడు. చేతిపనియందు మాత్రము సూక్ష్మబుద్ధి. అతడు సిలిండరు బోరు చేయించి, క్రొత్త పిస్టను, రింగులు వేసి, వాల్వులు నూరి, ఇంజను బిగించెను. తక్కిన పనియైన పాయింట్లు, టైమింగు నేనే పెట్టుకొందునని చెప్పితిని. నాయనగారి పెట్టెలో ఆంగ్లమున అచ్చయిన బండిపుస్తకము దొరికినది. దానిని ఆద్యంతము చదివితినన్న ధీమా నాది. "మాస్టారూ, ఆ ఒక్కపనియు నేను చేసి యిచ్చెదను" అని అతడు రెండుసార్లు అడిగెను. "నీకు సంధులు నేర్పినవాడనురా, ఈ సంధి కలుపుకొనలేనా?" అని నవ్వి బండిని ఆటోట్రాలీపై ఇంటికి తెచ్చుకొంటిని.

తెచ్చి, పుస్తకము ముందు పెట్టుకొని, ఒక పూటలో పని ముగించితిని. త్రొక్కితిని. పలుకలేదు. ఆ సాయంకాలము నలుబదిసార్లు త్రొక్కియుందును. మరునాడును అంతే. వాకిట జనము చేరిరి. కుడిమోకాలు వాచినది.

ఇప్పుడు పరీక్షావిధానము చెప్పెదను. పెట్రోలు ఇంజను మండుటకు మూడు కావలెను: గాలితో కలసిన పెట్రోలు, నిప్పురవ్వ, లోపల బిగువు. ఈ బిగువునే కంప్రెషను అందురు.

మొదట పెట్రోలు. పాతపెట్రోలు ఏండ్లతరబడి టాంకులో నిలిచిన జిగురెక్కి కార్బురేటరులోని సన్నని రంధ్రములను మూయును. నేను టాంకు కడిగించి క్రొత్తది పోసియుంటిని. కొంతసేపు త్రొక్కి ప్లగ్గు విప్పి చూడవలెను. పొడిగా ఉన్నచో పెట్రోలు లోనికి చేరుట లేదు. మిక్కిలి తడిసియున్నచో అతిగా చేరినది. ప్లగ్గు తుడిచి ఆరబెట్టి, పెట్రోలు కట్టి, నాలుగుసార్లు త్రొక్కి లోపలి తడిని వెళ్ళగొట్టవలెను. నా ప్లగ్గు తడిసియున్నది.

రెండవది నిప్పురవ్వ. ప్లగ్గును తీగతో సహా ఇంజను పైయినుమునకు ఆనించి త్రొక్కవలెను. విప్పిన రంధ్రమునకు దూరముగా ఉంచుడు. ఆ రంధ్రమునుండి పెట్రోలు ఆవిరి చిమ్మును, అంటుకొనును. రవ్వ నీలముగా, చిటుక్కుమని దూకిన మంచిది. పసుపుపచ్చగా నీరసముగా ఉన్నచో కండెన్సరును అనుమానింపుడు. క్రొత్త పాయింట్లకు తుప్పు పట్టకుండ నూనె పూసి అమ్ముదురు; ఆ పొర తుడువక బిగించినవారు చాలమంది కలరు. ఇంకొకమాట. బయటిగాలిలో సులభముగా దూకు రవ్వ లోపలి ఒత్తిడిలో దూకక పోవచ్చును. కనుక బయట కనబడినంతమాత్రమున పూర్తిగా నమ్మరాదు. నాది నీలముగానే దూకినది. తృప్తిపడి, కండెన్సరు మాత్రము క్రొత్తది వేసితిని. ఫలము లేదు.

మూడవది బిగువు. దీనికి మీరు ఆయిలింజనును తలచుకొనుడు. హాండిలు త్రిప్పునపుడు పైమీట నెత్తి ఉంచి, వేగము వచ్చిన పిమ్మట విడుతురు గదా. బుల్లెట్టునకును ఎడమచేతికడ అట్టి చిన్నమీట యున్నది. దానిని నొక్కక త్రొక్కినపుడు, ఒకచోట కిక్కు మన బరువును మోసి నిలువవలెను. సులువుగా జారిపోయినచో రింగులనైనను వాల్వులనైనను అనుమానింపవలెను. ప్లగ్గు రంధ్రమున ఒక చెంచాడు ఇంజనాయిలు పోసి మరల త్రొక్కుడు. బిగువు హెచ్చిన దోషము రింగులది, హెచ్చకున్న వాల్వులది. వాల్వులను తెరచు కడ్డీలు ఇంజను చల్లగా నున్నపుడు వ్రేళ్ళతో త్రిప్పగా తిరుగవలెను గాని పైకి క్రిందికి ఆడరాదు. నా బండిలో కిక్కు గోడవలె నిలిచెను.

మూడును ఉన్నవి. ఫలము లేదు. అప్పుడు నేనేమి చేయవలసినది? పని చేసిన చేతులలో నా చేతులును కలవని తలపవలసినది. అట్లు తలపక రచ్చబండకడ కూర్చుండి, "వాడు ఇంజను పాడుచేసినాడు, పరీక్ష తప్పినవాని బుద్ధి ఎక్కడికి పోవును?" అంటిని. పెద్దపంతులు చెప్పినమాటకు మా యూర విలువ యెక్కువ. ఆ వారములోనే ఇద్దరు తమ బండ్లను ఆ అబ్బాయి షాపునుండి వెనుకకు తెచ్చుకొనిరి. ఆ సంగతి నాకు చెప్పినపుడు నేను తలయూపితినే గాని నోరు మెదపలేదు.

అయిదవనాటి సాయంకాలము వాకిట నెవ్వరును లేరు. త్రొక్కుటకు మోకాలు సహింపక, తాళపుచెవి త్రిప్పి, కిక్కును చేతితో మెల్లగా నొక్కుచు కూర్చుంటిని. దీపము వెనుకనున్న అమ్మీటరు ముల్లు కదలుట కంటబడినది. బుల్లెట్టు పాతకాపులు దీనిని చూచియే త్రొక్కుదురు. పాయింట్లు కలసియున్నంతసేపు బ్యాటరీనుండి విద్యుత్తు ప్రవహించును, ముల్లు ఋణమువైపు వాలును. పాయింట్లు విడివడగానే ముల్లు నడిమికి వచ్చును. ఆ విడివడిన క్షణముననే ప్లగ్గుకడ రవ్వ పుట్టును. కనుక కిక్కు బిగిసినచోటికి దగ్గరగా ముల్లు నడిమికి రావలెను.

నా బండిలో కిక్కు బిగిసినపుడు ముల్లు ఋణమువైపే నిలిచియున్నది. మీట నొక్కి ఆ బిగువు దాటించి ఇంకొకచుట్టు త్రిప్పితిని. కాలికి ఏ అడ్డును లేని సులువైన చోట ముల్లు నింపాదిగా నడిమికి వచ్చెను. మరల త్రిప్పితిని. అదే వరుస. బిగువు ఒకచోట, రవ్వ వేరొకచోట.

కారణమేమనగా, పిస్టను పైకొసకు రెండుమార్లు వచ్చును. ఒకటి గాలిని, పెట్రోలును అదిమి పైకి వచ్చుట. రెండవది కాలిన పొగను బయటికి నెట్టి పైకి వచ్చుట. ఇంజను రెండుచుట్లు తిరిగిన పాయింట్లను తెరచు ఇరుసు ఒక్కచుట్టే తిరుగును. ఈ రెంటిలో మొదటి రాకకే రవ్వ పుట్టవలెను. నేను పొగ వెళ్ళగొట్టు రాకకు రవ్వను కుదిర్చితిని. వండిన అన్నము వడ్డింపక, విస్తళ్ళు ఎత్తినపిదప వడ్డించినట్లయినది. రెండవనాడు కార్బురేటరులోనుండి బండి ఒకసారి వెనుకకు తుమ్మినది. లోపల మండక మిగిలిన ఆవిరి, గాలి వచ్చు వాల్వు అప్పుడే తెరచుకొనుచుండగా అంటుకొని వెనుకకు తన్నుటయే ఆ తుమ్ము. బండి ఆనాడే చెప్పినది, నేను వినలేదు.

లోపలికి పోయి పుస్తకము తెరచితిని. పిస్టను పైకొసకు రావలెనని ఉన్నది. దాని ముందర, అదుము నడకలో అను విశేషణమును ఉన్నది. విశేష్యమును చదివి విశేషణమును విడిచితిని. ముప్పదియేండ్లు పిల్లలచేత ప్రతిపదార్థము వ్రాయించిన నేను! తర్కశాస్త్రమున కాలమును సర్వకార్యములకు సాధారణ కారణమని చెప్పుదురు. ఆ పంక్తిని నేను కంఠస్థము చేసినవాడనే. పశువుల కొట్టములోనికి దానిని వెంటబెట్టుకొని పోలేదు.

నిజము చెప్పెదను. ఆ రాత్రి, ఎవరికిని తెలియకుండ సరిచేసి ఊరకుండవలెనని నాకు తోచినది. బండి పలికిన జనము సంతోషింతురు, కారణ మడుగరు. ఆ రెండు బండ్లు మాత్రము ఆ షాపునకు తిరిగి పోవు. తెల్లవారిన పిమ్మట రచ్చబండకడకు పోయి, ఉన్నవారందరు వినునట్లు తప్పు నాదని చెప్పితిని. ఆ ఇద్దరి యిండ్లకును పోయి చెప్పితిని. పిదప అబ్బాయికి టెలిఫోను చేసితిని. అతడు కొంతసేపు మాటాడలేదు. "మాస్టారూ, సాయంత్రము వత్తును, నేను వచ్చువరకు త్రొక్కకుడు" అనెను.

వచ్చి, పనిముట్లు నా చేతికే యిచ్చెను. పిస్టనును సరియైన నడకలో నిలిపి, ఇరుసును సగముచుట్టు త్రిప్పి, పాయింట్ల నడుమ సిగరెట్టు పొరకాగితము పెట్టి మెల్లగా లాగుచు సరిచూచితిమి. కాగితము అప్పుడే వదలిన స్థానము పాయింట్లు విడివడు స్థానము. పిస్టను కొసకు చేరుటకు మిల్లీమీటరుకంటె కొంచెము తక్కువ దూరముండగా అది జరుగవలెను. మరీ ముందైనచో కిక్కు వెనుకకు తన్ని చీలమండ విరుగును, జాగ్రత్త.

ముల్లు నడిమికి వచ్చినది. కాలిక్రింద బిగువును అక్కడనే తగిలినది. మీట నొక్కి కొంచెము దాటించి, విడిచి, రెండుసార్లు త్రొక్కితిని. మూడవసారి పలికినది.

మా యమ్మ అరుగుమీద గోడకానుకొని కూర్చుండి యున్నది. చాలసేపు వినెను. నేను దగ్గరకు పోయి, "ఎట్లున్నదమ్మా?" అని అడిగితిని.

"చప్పుడు అదేరా. మీ నాయన మాత్రము ఇన్నిసార్లు త్రొక్కెడివారు కారు" అనెను.