గజ్జల్లో బిళ్ళ కడితే దాచుకోవద్దు



ఈ పూట మేము చెప్పబోయే విషయం వినడానికి కొందరికి సిగ్గుగా ఉండవచ్చు. ఆ సిగ్గే మన ఇళ్ళలో జబ్బులను ముదరబెడుతోంది కనుక చెప్పక తప్పదు.

కాలికి ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచి పుండుపడినా, రెండు రోజులకు గజ్జల్లో బిళ్ళ కట్టిందంటాం. నిజానికి అవి కొత్తగా పుట్టినవి కావు. అందరికీ పుట్టుకతో ఉండే లింఫు గ్రంథులే. కాళ్ళు, పిరుదులు, బొడ్డు కింది చర్మం, మర్మస్థానాల నుండి వచ్చే లింఫు అనే ద్రవాన్ని ఇవి వడపోసి పైకి పంపుతాయి. దానితో వచ్చే క్రిములను అక్కడే అటకాయిస్తాయి. ఆ పోరాటంలో గ్రంథి వాచి నొప్పి పెడుతుంది. అంటే బిళ్ళ కాపలావాడి కేక వంటిది. కాపలావాడిని కొడితే దొంగ పోడు కదా! బిళ్ళను పిసకడం, వాత పెట్టడం మాని, పుండు ఎక్కడుందో చూసి దానికి వైద్యం చేయించాలి.

కోస్తా జిల్లాల వారికి బోదకాలు సంగతి కొత్త కాదు. మురుగునీటి దోమ కాటుతో వచ్చే దారాల్లాంటి పురుగులు లింఫు నాళాల్లోనే కాపురం పెడతాయి. నాళాలు చెడి, ద్రవం నిలిచి, కాలు వాస్తుంది. పురుగు పిల్లలు రాత్రివేళ రక్తంలో తిరుగుతాయి కనుకే పరీక్షకు రక్తం రాత్రి తీస్తారు. 2004 నుండి ఈ జబ్బున్న జిల్లాల్లో ప్రభుత్వం మాత్రలు పంచడం మొదలుపెట్టింది. అలా ఇచ్చినప్పుడు "మాకేం జబ్బు లేదు" అని పారెయ్యకూడదు. పైకి ఏమీ కనబడని వారిలోనూ పురుగు ఉండవచ్చు. గర్భిణీలు, రెండేళ్ళలోపు పిల్లలు, తీవ్రంగా జబ్బుపడిన వారు మాత్రం వేసుకోరాదు.

వాచిన కాలిని రోజూ సబ్బుతో కడిగి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడవడం చాలా ముఖ్యం. ఐదు పూటలా వుజూ చేసే మనకు కాళ్ళు కడగడం ఒకరు నేర్పనక్కర లేదు. కానీ తడికాళ్ళకే మేజోళ్ళు తొడిగితే వేళ్ళ సందులు నాని పగులుతాయి. క్రిములకు అదే దారి. మధుమేహం ఉన్న పెద్దలు మరీ జాగ్రత్తపడాలి.

మూడు నాలుగు వారాలకూ బిళ్ళ తగ్గకపోయినా, రాయిలా గట్టిపడినా, పెరుగుతున్నా, జ్వరం వస్తూ మనిషి చిక్కిపోతున్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. క్షయ, సుఖవ్యాధులు, క్యాన్సరు కూడా ఇలా బయటపడవచ్చు. దగ్గితే ఉబికి, పడుకుంటే లోపలికి పోయేది హెర్నియా కావచ్చు.

ఆడపిల్లలు అమ్మీకి కూడా చెప్పరు. కనుక తల్లులే అడగాలి, లేడీ డాక్టరు దగ్గరకు తీసుకుపోవాలి. హయా మంచిదే. కానీ వైద్యుని దగ్గర జబ్బు దాచడం హయా కాదు. ఈ ఒళ్ళు అల్లాహ్ మనకిచ్చిన అమానత్. దానిని కాపాడుకుందాం.

ఖుదా హాఫిజ్.