మూడో భాష మనకు బలమే



మేము గురుకులాల్లో, ఆశ్రమ పాఠశాలల్లో ఇంగ్లీషు చెబుతున్నవాళ్లం. మాలో కోయలు, గోండులు, లంబాడాలు, సవరలు ఉన్నారు. ఇంట్లో మన భాష, బడిలో తెలుగు, ఆ తర్వాతే ఇంగ్లీషు. "మీరే అరువు తెచ్చుకున్న భాష, పిల్లలకేం నేర్పుతారు?" అన్న మాట చాలాసార్లు విన్నాం. మాలో ఒకరు పట్నంలో ఒక ప్రైవేటు బడికి ఇంటర్వ్యూకి వెళ్తే, పాఠం చెప్పించకుండానే, యాస బాగోలేదని పంపేశారు.

ఈ చిన్నచూపు మనకొక్కరికే కాదు. దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచర్ వీసా ఏళ్ల తరబడి అమెరికా, బ్రిటన్ వంటి 7 దేశాలవారికే ఇచ్చారు. 2010లో అమలైన ఒప్పందంతో భారతీయులకు సహాయ ఉపాధ్యాయులుగా దారి దొరికింది. ఇంగ్లీషు మాతృభాష అయినవాళ్లే మంచి టీచర్లనేది అపోహ అని భాషావేత్త రాబర్ట్ ఫిలిప్సన్ 1992లోనే రాశారు. ఆయన బ్రిటన్‌వాడే.

మా తరగతి సంగతి చెబుతాం. గూడెం నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు కొందరు టీచర్‌ని కూడా "నువ్వు" అంటారు. బయటినుంచి వచ్చిన సార్లు అది పొగరనుకుని కోప్పడతారు. ఇంట్లో తాతనైనా అలాగే పిలుస్తారని మాకు తెలుసు. అందుకే ఇంగ్లీషులో "యూ" చెప్పేటప్పుడు, "చిన్నకీ పెద్దకీ ఒకటే మాట, మీ ఇంట్లో లాగే" అంటాం. బిడియపడే పిల్ల కూడా నవ్వుతుంది. మరి మర్యాద ఎక్కడుంది? "ప్లీజ్"లో ఉంది, "కుడ్ యూ" అని అడగడంలో ఉంది. తెలుగులో "మీరు" చేసే పని అక్కడ ఈ మాటలు చేస్తాయని వివరిస్తాం. మూడు భాషల మర్యాదా పిల్లలకు ఒకేసారి అర్థమవుతుంది.

పిల్లలు "ఎ", "ది" వదిలేస్తే మేము విసుక్కోం. తెలుగులో, గోండీలో అలాంటి మాటలతో పని లేదు. ఎక్కడ తడబడతారో మాకు ముందే తెలుసు, మేమూ అక్కడే తడబడి నేర్చుకున్నాం. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవారికి ఆ దారి గుర్తుండదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఇంగ్లీషు కావాలి. పోటీ పరీక్షకు, ఉద్యోగానికి, కోర్టులో మన కాగితం మనమే చదువుకోవడానికి కావాలి. దానికోసం ఇంటి భాష వదలక్కర్లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండీ, కోయ, కొలామీ, బంజారా, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, ఈ 8 భాషల్లో చిన్న తరగతుల బోధన మొదలైంది. ఇంటి మాటతో బడిలో అడుగుపెట్టిన బిడ్డ భయపడడనే నమ్మకమే దానికి మూలం.

మీలో టీచర్లు కావాలనుకునేవారు యాస గురించి వెనకాడకండి. స్పష్టంగా పలకండి, రోజూ చదవండి, తప్పు పోతే దిద్దుకోండి. సెలవుల్లో ఇంటికెళ్లినప్పుడు మాత్రం నాయనమ్మతో మన భాషలోనే మాట్లాడండి. రేపు తరగతిలో మీకు పనికొచ్చేది ఆ మాటే.

జై ఆదివాసీ!