తడిగాలి గోడ బయటికే పోవాలి

ఆయాసం తగ్గి ఇంటికి వెళ్లిన పిల్లవాడు పది రోజులకే పిల్లికూతలతో తిరిగి వస్తే, మందు సరిగా పీల్చుతున్నాడా అని ముందు అడుగుతాను. తరువాత, "అమ్మా, ఇంట్లో గోడలకు బూజు పట్టిందా?" అని అడుగుతాను.

ఒక తల్లి ఇలా చెప్పింది: "సెల్లార్ గదిలో ఉంటాం సిస్టర్. బాత్రూములో ఫ్యాన్ ఉంది. అయినా గోడలు నల్లబడుతున్నాయి." వెళ్లి చూసుకుంటే, ఆ ఫ్యాన్ గాలిని పైన ఉన్న అటకలోకే వదులుతోంది! తడి ఇల్లు దాటలేదు. తడి ఉన్నచోట బూజు పెరుగుతుంది. ఆ బూజు ఉబ్బసం ఉన్నవారికి ఆయాసం పెంచుతుంది.

కాబట్టి ఫ్యాన్ గొట్టం బయటి గోడలోంచి, నేలమట్టానికి పైన, బయటికి రావాలి. గొట్టం పొట్టిగా, వంపులు లేకుండా, బయటివైపు కొద్దిగా వాలుగా ఉండాలి. అప్పుడు లోపల పట్టిన నీరు బయటికే కారుతుంది. చుట్టూ సందులు సిమెంటుతో మూయించండి. బయటి చివర వాన పడకుండా మూత పెట్టించండి. తలుపు కింద కొంచెం సందు వదలండి; గాలి లోపలికి రాకపోతే బయటికీ పోదు. స్నానమయ్యాక ఇరవై నిమిషాలు ఫ్యాన్ తిరగనివ్వండి.

ఫ్యాన్ ఉంది కదా అని గ్యాస్ గీజరు మాత్రం బాత్రూములో పెట్టించకండి. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. ప్రాణమే తీస్తుంది.

గోడలు ఆరినా, డాక్టరుగారు రాసిన ఇన్‌హేలర్ సొంతంగా మానేయకండి.